అరుదైనది లెన్సేనా?

పాత రేంజ్‌ఫైండర్ కెమెరాల వైడ్ యాంగిల్ లెన్సులు సేకరించేవాళ్లు రాసుకునే చరిత్ర ఒకటుంది. అందులో కంపెనీల పేర్లుంటాయి, డిజైన్ చేసిన మగవాళ్ల పేర్లుంటాయి, సీరియల్ నంబర్లుంటాయి. ఆ లెన్సుతో ఎవరు ఏ ఫొటో తీశారన్నది మాత్రం అరుదు. పైగా వాడని లెన్సుకే విలువెక్కువ. పెట్టె, మూత, గాజు అన్నీ గీత పడకుండా ఉంటే ధర ఇంకా పెరుగుతుంది. ఎవరి చెయ్యీ తగలనిదానికే విలువ కట్టే ఈ చూపు ఎక్కడిదో ఆడవాళ్లకి ఎవరూ విడమర్చి చెప్పక్కర్లేదు.

జైస్ కంపెనీ హోలోగాన్ సంగతే చూద్దాం. 15 మిల్లీమీటర్ల ఈ లెన్సు 1969లో తనకోసమే తయారైన కెమెరాతో కలిసి వచ్చింది. 1972లో లైకా ఎం కెమెరాలకి సరిపోయేలా కొద్ది సంఖ్యలో చేశారు. దృశ్యకోణం 110 డిగ్రీలు. ఎస్ఎల్ఆర్‌లో ఉన్నట్టు వెనక కదిలే అద్దం ఉండదు కాబట్టి లెన్సు ఫిల్ముకి బాగా దగ్గరగా వెళ్లగలదు. అయితే ఫొటో మధ్యలో వెలుగెక్కువ, అంచుల్లో చీకటి. దీనికి విరుగుడుగా మధ్యలో ముదురుగా ఉండి అంచులవైపు పలచబడే ఫిల్టరు ఇచ్చారు. అంచులకి విడిగా వెలుగు తేవడం కుదరదు. మధ్యలో పడే వెలుగుని తగ్గించి, ఎక్స్‌పోజర్ పెంచాలి.

ఫొటోగ్రఫీ చరిత్రకి కావలసింది ఈ ఫిల్టరే. చివర్లో స్త్రీల గురించి ఒక పేరా చేరిస్తే సరిపోతుందనుకునేవాళ్లు చాలామంది. సరిపోదు. స్పెయిన్ అంతర్యుద్ధంలో గెర్డా టారో తీసిన తొలి ఫొటోలు కాపా పేరుతో అచ్చయ్యాయి. ఆ పేరు ఆమె, ఆమె సహచరుడు కలిసి కల్పించుకున్నదే. కీర్తి మాత్రం అతనికి మిగిలింది. 1937 జులైలో యుద్ధరంగంలో గాయపడి ఆమె చనిపోయింది. అప్పటికి 26 ఏళ్లు. 2007లో మెక్సికోలో బయటపడ్డ సుమారు 4,500 నెగెటివ్‌లలో ఆమె తీసినవీ ఉన్నాయి. ఆమెకి న్యాయం చేయడమంటే, మధ్యలో వెలిగిపోతున్న మగపేరు మీది కాంతి తగ్గించి, ఏ ఫొటో ఎవరిదో మళ్లీ తేల్చడం. మన దేశంలో హోమాయ్ వ్యారావాలా తొలి ఫొటోలు కూడా భర్త పేరుతోనే అచ్చయ్యాయి.

లెన్సుకి స్త్రీ పురుష భేదమేమిటి, గాజుకి రాజకీయమేమిటి అని అడుగుతారు. గాజుకి లేదు. దేన్ని భద్రంగా దాచాలో, దేన్ని గాలికి వదిలేయాలో నిర్ణయించే చేతులకి ఉంది. ఒక లెన్సు ఏ ఏడాది, ఎన్నో నంబరుతో తయారైందో చెప్పగలిగిన లోకం, ఆ ఫొటో తీసిన మనిషి పేరు దగ్గరికి వచ్చేసరికి తడబడుతుంది. దీన్ని మతిమరుపు అనగలమా?

హోలోగాన్‌తోపాటు ఆ ఫిల్టరు కూడా పెట్టెలో చెక్కుచెదరకుండా ఉంటే ఇంకా మంచి ధర పలుకుతుంది. వాడితే గీతలు పడతాయని భయం! చరిత్రలు రాసే మనం, పాఠాలు చెప్పే మనం ఆ భయం పెట్టుకోనక్కర్లేదు. గీతలు పడితే పడనీ, దాన్ని బయటికి తీసి బిగిద్దాం.