చేతులెత్తే ముందు ఒప్పందం చూపించండి: కర్నూలు, కడప పట్టణ ఓటర్ల ప్రణాళిక

మేము పాత కర్నూలు, కడప జిల్లాల పట్టణాల్లో ఇంటిపన్ను, కొళాయిపన్ను కట్టే ఓటర్లం. మాలో అన్ని పార్టీలవాళ్లూ ఉన్నారు, ఏ పార్టీకీ చెందనివాళ్లూ ఉన్నారు. 2021 మార్చిలో కొలువుదీరిన కౌన్సిళ్లకు గడువు 2026 మార్చి. ఆ తర్వాత జరిగే ఎన్నికల్లో ఎక్కడో ఒకచోట ఎవరికీ మెజారిటీ రాదు. వచ్చినచోటా అది నిలుస్తుందన్న నమ్మకం లేదు. అప్పుడు గెలిచినవాళ్లు మాతో ఎలా నడుచుకోవాలో ముందే రాసిపెడుతున్నాం.

మొదటి మాట. హంగ్ వచ్చిందంటే ఓటర్లు తేల్చలేకపోయారని పార్టీలవాళ్లు అంటారు. మేమది ఒప్పుకోం. ఒక్కరి చేతికే తాళాలివ్వడం ఇష్టం లేక, కూర్చుని మాట్లాడుకోండని చెప్పాం, అంతే. స్థిరత్వమే కావాలంటే పులివెందుల ఉంది: 2021లో అక్కడి 33 వార్డులూ ఏకగ్రీవమే. ఓటరు బూత్‌కు వెళ్లే పనే లేని ఆ స్థిరత్వం కన్నా ముగ్గురు తగవులాడుకునే కౌన్సిల్ మాకు మేలు. పొత్తు తప్పు కాదు. చాటున కుదిరిన పొత్తుతోనే మాకు పేచీ.

మైదుకూరు సంగతి చూడండి. 2021లో అక్కడ 24 వార్డులు. టీడీపీకి 12, వైసీపీకి 11, జనసేనకు 1. వార్డుల లెక్కలో టీడీపీ ముందుంది, జనసేన తోడైతే 13. వైసీపీకి 11 మందే అయినా ఎమ్మెల్యే, ఎంపీ ఎక్స్ అఫిషియో (పదవిరీత్యా) సభ్యులుగా వచ్చి చేతులెత్తితే అదీ 13. మార్చి 18న సమావేశానికి అవతలివైపు ఒకరిద్దరు రాకపోయేసరికి పీఠం వైసీపీకి దక్కింది. చట్టప్రకారం ఇందులో తప్పు పట్టలేం. అదేరోజు తాడిపత్రిలో 36 వార్డుల కౌన్సిల్‌లో టీడీపీకి 18, వైసీపీకి 16. ఎమ్మెల్యే, ఎంపీలను కలుపుకుంటే వైసీపీ కూడా 18కి చేరేది. అక్కడ సీపీఐ సభ్యుడు, ఇండిపెండెంటు టీడీపీ వైపు నిలవడంతో జేసీ ప్రభాకర్ రెడ్డి చైర్మన్ అయ్యారు. రెండు ఊళ్లలోనూ వార్డు ఓటర్లు తేల్చిన లెక్క వేరు, హాల్లో తేలాల్సిన లెక్క వేరు.

కాబట్టి మా మొదటి డిమాండ్: చైర్మన్, మేయర్ ఎన్నికలో ఎక్స్ అఫిషియో ఓటు తీసెయ్యాలి. ఎమ్మెల్యేలు, ఎంపీలు కౌన్సిల్‌కు రావద్దని కాదు. రావాలి, నిధుల సంగతి మాట్లాడాలి. జిల్లా పరిషత్ చైర్మన్ ఎన్నికలో వాళ్లకు ఓటు లేదు కదా, మున్సిపాలిటీలో ఎందుకుండాలి? పైగా ఎంపీగారు తన పరిధిలోని మున్సిపాలిటీల్లో ఏదో ఒకదాన్ని ఎంచుకోవచ్చు. ఎక్కడ ఒక్క చెయ్యి తక్కువైతే అక్కడికే ఆ ఎంపిక నడుస్తుంది. ఏ పార్టీ అధికారంలో ఉంటే ఆ పార్టీ ఈ వెసులుబాటును వాడుకుంటుంది, ప్రతిపక్షంలో ఉన్నప్పుడు అన్యాయమంటుంది.

ఈ ఓటు వల్ల ఇంకో నష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. 2014లో మున్సిపల్ ఫలితాలు మే 12న వచ్చాయి, చైర్మన్ల ఎన్నిక జులై 3న జరిగింది. మధ్యలో యాభై రోజులకు పైనే. ఎమ్మెల్యేలు, ఎంపీలు ప్రమాణం చేసి రావాలి కదా! ఆ యాభై రోజులూ గెలిచిన కౌన్సిలర్లు ఏమయ్యారో మాకు తెలుసు. రాత్రికి రాత్రి బస్సెక్కించారు. బెంగళూరు దగ్గర రిసార్టు, అక్కణ్నించి గోవా. ఫోన్లు ఎవరి దగ్గరో. ఇంటికి మాట్లాడాలంటే పక్కన ఒకరు నిలబడాలి. మహిళా కౌన్సిలర్లయితే భర్తతోనో, తమ్ముడితోనో క్యాంపు. ఎన్నికరోజు పొద్దున బస్సు నేరుగా మున్సిపల్ ఆఫీసు గేటు ముందే ఆగుతుంది. కొళాయిలో నీళ్లు రావడం లేదని వార్డు మనిషి చెప్పుకుందామంటే ఆ కౌన్సిలర్ దిగేది పోలీసుల మధ్య. 2021లో మార్చి 14న ఫలితాలు, 18న ఎన్నిక. నాలుగు రోజుల్లో చెయ్యగలిగారు, ఎప్పుడైనా చెయ్యగలరు. ఫలితం వచ్చిన వారంలోగా ఎన్నిక జరగాలి. ఆ వారమూ కౌన్సిలర్ తన వార్డులో, తన ఇంట్లో ఉండాలి. క్యాంపుకు వెళ్లినవాళ్లు తిరిగొచ్చాక ఆ ఖర్చు ఎవరు పెట్టారో వార్డు సభలో చెప్పాలి.

ఇక ఫిరాయింపుల సంగతి. కర్నూలు జిల్లా పరిషత్ చూడండి. 2014లో 53 జడ్పీటీసీ స్థానాల్లో వైసీపీ 30 గెలిచింది, టీడీపీ 20. చైర్మన్ అయింది టీడీపీ నుంచి మల్లెల రాజశేఖర్. అదే ఏడాది ప్రకాశంలో టీడీపీ టికెట్ మీద గెలిచిన ఈదర హరిబాబు వైసీపీ ఓట్లతో చైర్మన్ అయ్యారు. ఒక పార్టీ దొంగా, ఒక పార్టీ దొరా అనే వాదన ఇక్కడ నిలవదు. రాజ్యాంగం పదో షెడ్యూలు పార్లమెంటుకూ శాసనసభలకే గానీ స్థానిక సంస్థలకు వర్తించదు. మన చట్టాల్లో ఉన్నది ఫలానావారికే ఓటెయ్యాలని పార్టీ జారీచేసే విప్ ఒక్కటే. ధిక్కరించినవాడి సభ్యత్వానికి ఎసరు రావచ్చు గానీ ఆ రోజు ఎత్తిన చెయ్యి మాత్రం లెక్కలోకి వస్తుంది. వేటు సంగతి కోర్టుల్లో తేలేలోపు పదవి అనుభవిస్తూనే ఉంటారు. కేరళలో 1999 నుంచే స్థానిక సంస్థల ఫిరాయింపులకు విడిగా చట్టం ఉంది. మనకూ అలాంటిది కావాలి. అయితే చీటికీమాటికీ విప్ వెయ్యడానికి మేం వ్యతిరేకం. చైర్మన్ ఎన్నిక, అవిశ్వాసం, బడ్జెట్: ఈ మూడింటికే విప్. వీధిదీపాల మీద, కాలువ పూడిక మీద కౌన్సిలర్ తన వార్డు మాటే వినాలి.

పొత్తు పెట్టుకునేవాళ్లు ఒప్పందాన్ని కాగితం మీద పెట్టాలి. ఇదే మా ప్రణాళికలో అసలు మాట. ఎవరికి చైర్మన్, ఎవరికి వైస్ చైర్మన్, ఎన్నాళ్లు, ఎండాకాలం నీళ్లకు ఎంత డబ్బు, ట్యాంకర్ల కాంట్రాక్టు ఎవరు ఎలా ఇస్తారు, కో-ఆప్షన్ సభ్యులు ఎవరు, అన్నీ అందులో ఉండాలి. చేతులెత్తడానికి ఒకరోజు ముందు మున్సిపల్ ఆఫీసు నోటీసు బోర్డు మీద అంటించాలి. ప్రొద్దుటూరులో 2014లో టీడీపీకి సొంతంగానే మెజారిటీ వచ్చింది. రెండున్నరేళ్లు ఒకరు, రెండున్నరేళ్లు మరొకరు అన్న మాట మీద బండి కదిలింది. 2017 ఏప్రిల్‌లో రెండో మనిషిని ఎన్నుకోవాల్సి వచ్చేసరికి ఒకే పార్టీలో రెండు వర్గాలు ఎదురెదురుగా నిలబడ్డాయి, గొడవల మధ్య ఎన్నిక వాయిదా పడింది. పెద్దమనుషుల ఒప్పందాన్ని నమ్ముకుంటే ఇంతే, మాట ఇచ్చిన పెద్దమనిషి ఎవరో చివరికి తేలదు.

అవిశ్వాసం సంగతి. మున్సిపాలిటీల్లో నాలుగేళ్లు నిండేదాకా అవిశ్వాసం పెట్టకూడదని నిబంధన పెట్టారు. స్థిరత్వం కోసమన్నారు. జరిగింది చెరువు తూము బిగించి నీళ్లు పెరగనిచ్చినట్టు. 2025 మార్చిలో నాలుగేళ్లు నిండగానే రాష్ట్రమంతా నోటీసులు. ఏప్రిల్‌లో విశాఖ మేయర్ దిగిపోయారు, మన ఆదోనిలో చైర్‌పర్సన్ మీద అవిశ్వాసం నెగ్గింది. ఏడాది కూడా మిగలని పదవికి అంత హడావుడి! మేమడిగేది వేరే. స్పెయిన్‌లో మున్సిపల్ మేయర్‌ను దించాలనుకునేవాళ్లు అవిశ్వాస తీర్మానంలోనే కొత్త మేయర్ ఎవరో పేరు రాయాలి. జర్మనీ 1949 రాజ్యాంగంలో చాన్సలర్‌కు పెట్టిన నియమం ఇలాంటిదే. ఇద్దరికి పడనివాడని దించి, ఆ తర్వాత పీఠం మీద ఎవరూ లేక ఊరు ఎదురుచూడటం ఉండదు. ఆ షరతు పెడితే నాలుగేళ్ల తాళం అక్కర్లేదు, ఏడాదికే అవిశ్వాసం పెట్టుకోనివ్వండి.

ఓట్లు సమానమైతే లాటరీ. 2014లో జమ్మలమడుగు చైర్‌పర్సన్ ఎన్నిక వాయిదాపడి చివరికి చీటీ తీస్తే తేలింది. చీటీకి బదులు పట్టణం మొత్తంలో ఎక్కువ ఓట్లు తెచ్చుకున్న పార్టీకి ఆ కుర్చీ ఇవ్వాలని మా కోరిక. ఓట్లు లెక్కపెట్టి రాసిపెట్టినవే ఉన్నాయి, కొత్తగా చేసేదేం లేదు.

ఇన్ని తిప్పలెందుకు, చైర్మన్‌ను నేరుగా మేమే ఎన్నుకుంటామని మాలోనే కొందరన్నారు. 1987 నుంచి 2000 ఎన్నికల దాకా అలాగే నడిచింది, 2005లో మార్చారు. దీని మీద మేం చాలాసేపు వాదించుకున్నాం. చైర్మన్ ఒక పార్టీ, కౌన్సిల్ ఇంకో పార్టీ అయితే బడ్జెట్ దగ్గర మళ్లీ ఇదే తంటా. అందుకే ఆ డిమాండ్ ఇందులో చేర్చలేదు.

కౌన్సిల్ కొట్లాడుకుంటుంటే అధికారుల పాలనే నయమనేవాళ్లకు ఒక్క మాట. కర్నూలు కార్పొరేషన్‌కు 2010లో పాలకవర్గం గడువు తీరింది, మళ్లీ ఎన్నికలు 2021లో. పదేళ్లకు పైగా స్పెషలాఫీసర్లే. బోరు ఎండితే, సుంకేసుల బ్యారేజీలో నీళ్లు తగ్గితే వార్డు మనిషి ఎవరి తలుపు తట్టాలి? ఆ బదులు మాకు హంగ్ కౌన్సిల్ ఇవ్వండి.

బి-ఫారం తీసుకుని మా వీధికి వచ్చే ప్రతి అభ్యర్థి ముందూ, ఇండిపెండెంటు ముందూ ఈ కాగితం పెడతాం. క్యాంపుకు వెళ్లను, ఒప్పందం బయటపెట్టకుండా చెయ్యెత్తను, గెలిపించిన గుర్తును వదలాలనుకుంటే ముందు రాజీనామా ఇచ్చి మళ్లీ మీ ముందుకే వస్తాను అని మూడు వాక్యాలకు సంతకం అడుగుతాం. పెట్టినవాళ్ల పేర్లూ, పెట్టనివాళ్ల పేర్లూ వార్డులవారీగా పోలింగుకు మూడు రోజుల ముందు వీధి మొదట్లో అంటిస్తాం. సంతకం పెట్టి తప్పినవాళ్ల కాగితం నకలు తర్వాతి ఎన్నికలో వాళ్లకు టికెట్టిచ్చే పార్టీ ఆఫీసుకు చేరుతుంది.