ఎడమచేతికి శిక్ష యేల?

బిడ్డ యెడమచేత బలపము పట్టినచో మన పెక్కు యిండ్లలో నేటికిని పెద్దలు కన్నెఱ్ఱ చేయుచున్నారు. ఇది శిక్షణమని వారి యభిప్రాయము. స్వభావముపై దౌర్జన్యమని మా యభిప్రాయము. ఈ దురాచారము మన దేశమునకే చెందినది కాదు. దీనికి లోబడని యొక రాక్ సంగీతకారుని చరిత్రమును పాఠకుల యెదుట నుంచుచున్నాము.

జిమీ హెండ్రిక్స్ 1942లో అమెరికాలోని సియాటిల్ నగరమున జన్మించెను. అతనిది ఎడమచేతివాటము. ఎడమచేత వాయించుట పిశాచలక్షణమని తండ్రి తలచెడివాడనియు, అందుచే తండ్రి యెదుట కుడిచేతను, చాటున నెడమచేతను జిమీ గిటారు వాయించెడివాడనియు అతని సోదరుడు చెప్పియున్నాడు. అంగళ్లలో సులభముగ దొరకునవి కుడిచేతివారికై చేసిన గిటారులు. అతడు వానిని తలక్రిందులుగ పట్టి, తీగల వరుస మార్చి బిగించుకొనెను. బొటనవ్రేలు గిటారు మెడకు వెనుక నుండవలెనని గురువులందురు. అతడు దానిని పైనుండి వంచి మంద్రపు తీగను నొక్కి, తక్కిన వ్రేళ్లకు స్వేచ్ఛ నిచ్చెను.

ధ్వనివర్ధకమునకు గిటారు చేరువైనచో, ఆ ధ్వనియే తీగను మరల కదలించి కూత పుట్టించును. అనేకులు దోషమని తలచిన యా కూతను అతడు స్వరముగ వాడుకొనెను. 1969 ఆగస్టు 18వ తేదీన, వియత్నాం యుద్ధము సాగుచుండగా, వుడ్‌స్టాక్ ఉత్సవమున అమెరికా జాతీయగీతమును వాయించుచు అట్టి కూతలతోనే బాంబుల మ్రోతను వినిపించెను.

నియమము లేనిదే విద్య యెట్లబ్బునని కొందఱడుగుదురు. హెండ్రిక్స్ సాధనను వీడినవాడు కాడు. లిటిల్ రిచర్డ్ వంటి ప్రసిద్ధ గాయకుల వెనుక నిలిచి వాయించుచు చేయి తీర్చుకొన్నవాడు. సాధన వేఱు, చేతిని కట్టివేయుట వేఱు. 1967లో మాంటెరీ వేదికపై గిటారును తగులబెట్టిన చేష్టను మేము మెచ్చము. 1970లో, ఇరువదియేడవ యేట, నిద్రమాత్రల మూలమున అతడు లండనులో మరణించుట శోచనీయము. అతని నడవడిని అనుకరింపుడని మేము చెప్పుటలేదు.

అందఱును హెండ్రిక్సు లగుదురా యని మఱికొందఱి యాక్షేపణ. కాకపోవచ్చును. బిడ్డ రేపు గుమాస్తా యగుగాక, వైద్యుడగుగాక, తన చేతిని చూచి సిగ్గుపడక పెరుగు హక్కు ప్రతిభను బట్టి వచ్చునది కాదు. వెఱపుతో చేయి మార్చుకొన్న బిడ్డకు అక్షరము పట్ల ప్రీతి యెట్లు కలుగును?

తల్లిదండ్రులారా! ఉపాధ్యాయులారా! బిడ్డ బలపమునకై యే చేయి చాచునో, ఆ చేతికే యిండు.