మూలబడిన తెలుగు మీటలు

పాత సామాను కొనువాని త్రాసులో ఇత్తడికి ఒక ధర, రాగికి ఒక ధర, ఇనుమునకు ఒక ధర. తెలుగు టైపు యంత్రము ఇనుము పద్దులో పోవును. దాని మీటలపై అక్షరములున్నవన్న సంగతితో ఆ వర్తకునకు పనిలేదు. అందుకు అతనిని నిందించుట న్యాయమును కాదు. ఆ అక్షరములతో పని యున్నవారు తెలుగు చెప్పు ఉపాధ్యాయులు, తెలుగు చదువు విద్యార్థులు. యంత్రము పాత ఇనుము బండి ఎక్కునపుడు వారిలో ఒకరు అడ్డుపడుట మిక్కిలి అరుదు.

జఫర్‌గఢ్ వంటి ఒక ఊరిని తీసికొని చూచినచో ఈ యంత్రము చేసిన పని యెట్టిదో బోధపడును. కోట గల ఈ ఊరు 2016 అక్టోబరు వరకు వరంగల్లు జిల్లాలోనిది. నేడు జనగామ జిల్లాలో మండల కేంద్రము. నిజాము పాలనలో ఇచ్చటి కచేరీల భాష ఉర్దూ. 1948లో హైదరాబాదు భారతదేశమున చేరిన పిమ్మట ఇంగ్లీషు బలపడెను. 1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడెను. 1966లో వచ్చిన అధికార భాషా చట్టము తెలుగునకు రాష్ట్రమున అధికార స్థానము నిచ్చెను. 1974లో అధికార భాషా సంఘము ఏర్పడి, వావిలాల గోపాలకృష్ణయ్యగారు దానికి తొలి అధ్యక్షులైరి. 1985లో మండల వ్యవస్థ వచ్చెను. ఇన్ని మార్పులును కాగితముపై జరిగినవే. అయితే ఆ కాగితముపై తెలుగు పడవలెనన్న, చట్టము ఒక్కటే చాలదు. తెలుగును కొట్టు యంత్రము కావలెను. దాని మీటలు తెలిసిన వ్రేళ్లును కావలెను. ఇట్టి ఊళ్ల యువతీయువకులు పదవ తరగతి ముగియగానే హనుమకొండకో జనగామకో పోయి టైపు ఇన్‌స్టిట్యూటులో చేరి, లోయరు, హైయరు పరీక్షలకు కూర్చుండుట ఒకప్పుడు సామాన్య దృశ్యము. తెలుగు టైపు వచ్చినవారికి ఉద్యోగమున ఒక దారి యుండెను. పాలనలో తెలుగు ఎంత నిలిచినదో, అంతయు మొదట వారి వ్రేళ్లమీదనే నిలిచినది.

తరువాత కంప్యూటరు వచ్చెను. 1955లో టైపు యంత్రముల తయారీ మొదలుపెట్టిన బొంబాయి గోద్రెజ్ సంస్థ 2009లో ఆ పని ఆపివేసెను. కచేరీలలోని యంత్రములు మొదట బల్ల మీదినుండి బీరువా మీదికి, పిదప బీరువా మీదినుండి వరండాలోనికి చేరెను. వరండా తరువాతి మజిలీ ఏదో పైన చెప్పబడినది.

అన్యదేశములలో పాత మీటలపై కొంతకాలముగా ఒక ప్రత్యేకమైన ఆసక్తి పెరుగుచున్నది. పాత కంప్యూటరు కీబోర్డులను వెదకి కొని, విప్పి, శుభ్రపరచి, నేటి కంప్యూటరునకు తగిలించి వాడువారు అమెరికా, ఐరోపాలలో అనేకులు కలరు. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరుతో ఇచ్చిన మోడల్ ఎఫ్, 1985 నాటి మోడల్ ఎం అను కీబోర్డులు వారికి అపురూపములు. వానిలో ప్రతి మీట క్రిందను ఒక చిన్న స్ప్రింగు ఉండును. మీట నొక్కగా అది ఒకచోట హఠాత్తుగా వంగి టక్కుమనును. అక్షరము పడినదన్న వార్త వ్రేలికిని చెవికిని ఒక్కసారే అందును.

ఇంతకంటె చిత్రమైనవి ప్రత్యేక విద్యల కొరకు పుట్టిన కీబోర్డులు. మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో 1970 దశకమున లిస్ప్ యంత్రములకై చేసిన స్పేస్ కెడెట్ అను కీబోర్డున, మీటల అర్థమును మార్చు షిఫ్టు వంటి మీటలే ఏడు విధములు. గ్రీకు అక్షరములును గణిత చిహ్నములును దానిపై కొట్టవచ్చును. కెనెత్ ఐవర్సన్ రూపొందించిన ఏ.పి.ఎల్. అను గణన భాషకు 1960 దశకమున ఐ.బి.ఎం. టైపు యంత్రములకు ప్రత్యేకమైన అక్షరగోళమును తగిలించిరి. ఆ భాషలోని కొన్ని చిహ్నములు ఒక గుర్తు కొట్టి, వెనుకకు వచ్చి, దానిపైననే మరియొక గుర్తు కొట్టినగాని ఏర్పడెడివి కావు. తెలుగు టైపిస్టునకు ఈ తంటా క్రొత్తది కాదు!

ఇట్టి పాత కీబోర్డు పంపు సంకేతములు నేటి కంప్యూటరునకు తెలియవు. అందువలన ఆసక్తిపరులు రెంటికిని నడుమ ఒక చిన్న సర్క్యూటు పలకను అమర్తురు. అది దుబాసి వంటిది: పాత సంకేతమును విని క్రొత్త సంకేతముగా చెప్పును. ఏ మీటకు ఏ అక్షరమో, ఏ మీటను మరియొక మీటతో కలిపి నొక్కిన ఏమి కావలెనో దానిలో వ్రాసికొనవచ్చును. పాత టైపు యంత్రముల మీటల క్రింద స్పర్శను గుర్తించు పట్టీలు అమర్చి, వానిని కంప్యూటరునకు కలిపినవారును కలరు.

ఈ వ్యాసంగమున ఆడంబరము లేకపోలేదు. మీటల తొడుగుల రంగులకై వేల రూపాయలు ధారపోయుట, కొన్నదానిని గోడకు వ్రేలాడదీసి పదిమందికి చూపుట అందులోను కలవు. ధనికుల సరదాను అనుకరింపుమని మన బడులకు ఎవ్వరును చెప్పనక్కరలేదు. అయినను ఆ సరదాలో గ్రహింపదగినది ఒకటి యున్నది. వారు పాత వస్తువును అద్దాల పెట్టెలో పెట్టి దండము పెట్టుటలేదు. దానితో పని చేయించుచున్నారు. పని చేయించుటకై దాని లోపలి వరుస నంతయు అక్షరాక్షరము తెలిసికొని వ్రాసి యుంచుచున్నారు. తెలుగు యంత్రముల విషయమున జరుగనిది ఇదియే. దీనివలన కలుగు నష్టము భాషకు సంబంధించినది గాని ఇనుమునకు సంబంధించినది కాదు.

ఆ నష్టమెట్టిదో కొంత వివరముగా చూడవలెను. బాలవ్యాకరణము తెనుగునకు వర్ణములు 36 అని లెక్క చెప్పినది. సంస్కృత సమములను కలుపుకొన్నను వర్ణమాల యాబది దాటి బహుదూరము పోదు. టైపు యంత్రమున మీటలు సామాన్యముగా 44 లేక 46. షిఫ్టుతో కలిపి 88 లేక 92 గుర్తులకు చోటు. లెక్కకు ఇది చాలుననిపించును. కాని తెలుగు కాగితముపై వర్ణములుగా పడదు. హల్లునకు తలకట్టు, గుడి, కొమ్ము, ఏత్వము రావలెను. ప్రతి హల్లునకు ఒత్తు రావలెను. ఒత్తుపై ఒత్తును రావలెను. అచ్చు కూర్పరి వందల గళ్ల పెట్టెలనుండి ఏరి కూర్చుకొనెడి రూపములను టైపిస్టు పది వ్రేళ్లతో, తొంబది గుర్తులతో సాధింపవలెను. ఆ తొంబదిలో ఏది యుండవలెను, ఏది పోవలెను అని తేల్చినవారు తెలుగు లిపిపై ఒక తీర్పు చెప్పినవారే. ఱకారమునకు చోటు దొరకినదా? అరసున్న మాటేమి? ఏ ఒత్తునకు ప్రత్యేకమైన మీట దక్కినది, ఏది రెండు ముక్కల కూర్పుతో సరిపెట్టుకొన్నది? తరచుగా వచ్చు అక్షరము చూపుడు వ్రేలి క్రిందికి వచ్చినదా, చిటికెన వ్రేలి పాలైనదా? ఈ ప్రశ్నలకు సమాధానము ఆ యంత్రము ముఖమునందే యున్నది. యంత్రము కరగినచో సమాధానమును కరగును.

ఈ యంత్రములు తెలుగు లిపి అందమును చెరచినవని ఆక్షేపించువారు కలరు. ఆక్షేపణ సత్యమే. టైపు చేసిన పత్రమున ఒత్తు ఒకచోట, అక్షరము ఒకచోట పడుటయు, అన్ని అక్షరములును ఇంచుమించు ఒకే వెడల్పున ఇరుకున పడుటయు కచేరీ కాగితములు చూచినవారెల్లరు ఎరుగుదురు. కాని వికారముగా వ్రాసిన తాళపత్ర ప్రతిని పరిష్కర్త పారవేయడు. వ్రాయసకాడు ఎచ్చట తడబడెనో, ఎందుకు తడబడెనో చూచి ఆ కాలపు వ్రాతను గూర్చి తెలిసికొనును. టైపు యంత్రమునకు ఆ పాటి న్యాయము చేయుటకు అడ్డేమి?

అన్నిటికంటె విలువైనది వరుస. 'స్త్రీ' అను మాటను తీసికొనుడు. నోటితో పలుకునపుడు సకార తకార రేఫములు వరుసగా వచ్చి, చివరను ఈకారము వచ్చును. బడిలో పలకపై వ్రాయు పిల్లవాడు సకారము వ్రాసి, గుడిదీర్ఘమిచ్చి సీ చేసి, పిదప తకారపు ఒత్తును, రకారపు ఒత్తును పెట్టును. చివర వినబడు అచ్చు, చేతికి నడుమనే వచ్చినది! టైపు యంత్రమున వరుస మరియొక విధము. అందు కొన్ని మీటలు కొట్టినను క్యారేజి కదలదు. గుర్తు మాత్రము పడును. అక్షరముపైనో క్రిందనో చేరవలసిన గుర్తును ఇట్టి మీటతో ముందుగా కొట్టి, తరువాత అక్షరమును కొట్టవలెను. ఏలయన అక్షరము పడినంతనే కాగితము జరిగిపోవును. ప్రక్కన పడవలసిన గుర్తు మాత్రము అక్షరము తరువాతనే రావలెను. ఒకే మాటకు నాలుక వరుస ఒకటి, చేతి వరుస ఒకటి, యంత్రపు వరుస ఒకటి. మూడును తెలిసి, నిమిషమునకు ఇన్ని మాటలని కొట్టినవాడు తెలుగు టైపిస్టు. అతని విద్యను గూర్చి మన భాషాశాస్త్ర గ్రంథములు ఒక పుట వ్రాసియుండవలసినది.

నేటి కంప్యూటరు నాలుక వరుసను ఎన్నుకొన్నది. భారత ప్రభుత్వ ఎలక్ట్రానిక్స్ శాఖ 1986లో ప్రమాణీకరించిన ఇన్‌స్క్రిప్ట్ అను మీటల వరుసలో అచ్చులు ఇంచుమించుగా అన్నియు ఎడమచేతికి, హల్లులు చాలవరకు కుడిచేతికి వచ్చును. వ్యాకరణము చెప్పువారు దానిని ఒకసారి చూచినచో సంతోషింపకపోరు. కకారమున్న మీటనే షిఫ్టుతో నొక్కిన ఖకారము, గకారమున్న మీటను నొక్కిన ఘకారము. వర్గయుక్కులన్నియు తమ తమ అల్పప్రాణముల మీటలపైననే కూర్చున్నవి. దేశభాషలలో పెక్కింటికి ఇదే వరుస. 1991లో వచ్చిన యూనికోడ్ ప్రమాణమున 'స్త్రీ' అను మాట సకారము, పొల్లు, తకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అని ఆరు సంకేతములుగా నిలుచును. ఇది శాస్త్రీయము, దీనిని తప్పుపట్టవలసిన పనిలేదు.

ఈ నడుమ కాలము మాత్రము గజిబిజి. అను ఫాంటులతో ఒక వరుస, ఆపిల్ అని పిలువబడు వరుస మరియొకటి, టైపు యంత్రపు వరుసను అనుసరించినది ఇంకొకటి. రైస్ విశ్వవిద్యాలయమునుండి వచ్చిన పద్ధతిలో రోమను అక్షరములు కొట్టగా తెలుగు వచ్చును. తిరుమల కృష్ణ దేశికాచార్యులవారు రూపొందించిన అక్షరములకు పోతన పేరు పెట్టిరి. పోతన ఊరుగా ఈ ప్రాంతమువారు చెప్పుకొను బమ్మెర జఫర్‌గఢ్‌కు దగ్గరలోనిదే. ఆ పేరుతో కంప్యూటరున తెలుగు అక్షరము లున్నవని ఇచ్చటి విద్యార్థులలో ఎందరికి తెలియును? యూనికోడునకు ముందు ఇట్టి ఫాంటులతో కూర్చిన పుస్తకములు, పత్రికలు, పాఠములు, ఆ ఫాంటు లేని కంప్యూటరున తెరచిన తెలుగుగా కనబడవు; అర్థములేని గుర్తుల కుప్పగా కనబడును. వానిని మరల చదువదగినట్లు చేయుటకు, ఏ మీటకు ఏ ముక్క యుండెనో చెప్పు పట్టికయే ఆధారము. మీటల వరుసను వ్రాసి యుంచుట వట్టి ముచ్చట కాదనుటకు ఇంతకంటె నిదర్శనము అక్కరలేదు.

కాబట్టి పాత ఇనుము బండి వచ్చుటకు ముందే బడులును కళాశాలలును తమ తమ ఊళ్లలోని యంత్రమును ఒకటి దక్కించుకొనవలెను. దక్కించుకొని బీరువాలో పెట్టి తాళము వేసినచో మరల కథ మొదటికి వచ్చును. నూనె వేయించి, రిబ్బను ఎక్కించి, వారమున కొకసారి విద్యార్థుల వ్రేళ్లు దానిపై పడునట్లు చూడవలెను. ఊరిలో తెలుగు టైపు నేర్చిన పెద్దలను పిలిచి, 'స్త్రీ', 'రాష్ట్రము', 'శాస్త్రి' వంటి మాటలను కొట్టించి, ఏ మీట తరువాత ఏ మీట నొక్కుచున్నారో ప్రక్కనుండి వ్రాసికొనవలెను. వారు ఇప్పుడు అరువది, డెబ్బది యేండ్లవారు. వ్రేళ్లకు వరుస గుర్తుండును గాని నోటితో చెప్పుమన్న తడుముకొందురు; అందువలన యంత్రము లేనిదే ఈ పని జరుగదు.

విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయుల సాయమున్నచో ఇంకొక మెట్టు ఎక్కవచ్చును. టైపు వరుసలో కొట్టినదానిని యూనికోడు వరుసకు మార్చు చిన్న దుబాసి పలకను విద్యార్థులే తయారుచేయవచ్చును. దానికి వ్రాయవలసిన సూత్రములు తెలుగు వ్యాకరణపు సూత్రముల వంటివి. కదలని మీటతో గుడి వచ్చినచో, హల్లు వచ్చువరకు దానిని పట్టి యుంచవలెను. హల్లు రాగానే ముందు హల్లును, తరువాత గుడిని పంపవలెను. గుడి వెళ్లిన తరువాత ఒత్తు వచ్చినచో, వెనుకకు పోయి గుడిని తీసి, పొల్లును హల్లును చేర్చి, గుడిని మరల చివర నిలుపవలెను. సంధిలో పూర్వపరములు, ఆదేశము, ఆగమము చదివిన విద్యార్థికి ఇవి కొరుకుడుపడనివి కావు. తెలుగు గంటకును కంప్యూటరు గంటకును సంబంధము లేదనుకొను పిల్లలకు ఆ రెండు గంటలను కలిపి చెప్పు పాఠము ఇట్టిది మరియొకటి దొరకుట కష్టము.

ఇంత చేయుటకు వసతి లేనిచోట పట్టికతో ప్రారంభింపవచ్చును. ఒక తెల్లకాగితముపై నాలుగు వరుసల గళ్లు గీసి, ప్రతి మీటను షిఫ్టు లేకుండ ఒకసారి, షిఫ్టుతో ఒకసారి కొట్టి, పడిన గుర్తును ఆ గడిలో వ్రాయవలెను. క్యారేజి కదలని మీటలకు ఎర్ర సిరాతో చుట్టు చుట్టవలెను. యంత్రము పేరు, దానిపై చెక్కిన సంఖ్య, అది ఏ ఊరిలో ఎన్ని యేండ్లు పని చేసినదో క్రింద వ్రాయవలెను. ఒక యంత్రమునకు ఒక మధ్యాహ్నము పట్టును.