పసుపు బోర్డును చిన్న పరిశ్రమలును

జాతీయ పసుపు బోర్డు 2025 జనవరి 14వ తేదీన, సంక్రాంతి పర్వదినమున, ప్రారంభమైనది. అదే యేడు జూన్ 29వ తేదీన నిజామాబాదు పట్టణమున దాని ప్రధాన కార్యాలయమును తెరచిరి. ఈ బోర్డు కొఱకు ఈ జిల్లా రైతులు పడిన శ్రమ సామాన్యమైనది కాదు. 2019 లోకసభ యెన్నికలలో నిజామాబాదు స్థానమునకు 185 మంది అభ్యర్థులు నిలిచిరి. వారిలో అత్యధికులు పసుపును, ఎఱ్ఱజొన్నను పండించు రైతులే. కోరినది లభించినందులకు సంతసింపవలసినదే. కాని కార్యాలయము వచ్చినంత మాత్రమున కార్యము నెరవేరినట్లు కాదు. 2030 నాటికి దేశమునుండి నూరు కోట్ల డాలర్ల పసుపు ఎగుమతి కావలెనని కేంద్ర ప్రభుత్వము సంకల్పించినది. అందులో భీమ్‌గల్లునందలి చిన్న మిల్లుదారునకు, ఆర్మూరున మెఱుగుపెట్టు యంత్రమును నడుపువానికి, పల్లెలలోని రైతు సంఘములకు దక్కు భాగమెంత? ఇదియే మా ప్రశ్న.

పసుపు కొమ్మును త్రవ్వినది మొదలు సంచి కట్టు వఱకు గల ప్రతి దశయందును విజ్ఞానమునకు తావున్నది. ఉడుకు తగ్గినను, మించినను సరుకు చెడును. తడి నిలిచిన బూజు పట్టును. విదేశపు కొనుగోలుదారు కుర్కుమిన్ శాతమెంత యని అడుగును. పురుగుమందుల అవశేషములు లేవని పత్రము చూపుమనును. చిన్న వ్యాపారికి ప్రయోగశాల యెక్కడిది? రసాయన శాస్త్రజ్ఞునకు జీతమిచ్చు శక్తి యెక్కడిది? తన సరుకు గుణము తనకే తెలియనివాడు ధరను అడుగలేడు, చెప్పిన ధరకు తల యూపును. అమ్మబోయిన అడవి, కొనబోయిన కొఱవి యను సామెత ఇట్టివాని గూర్చి పుట్టినదే. ఇందూరు పసుపు బండ్లు సాంగ్లీ బజారునకు తరలిపోవుటకు ఇదియు నొక కారణమని మా యభిప్రాయము.

విజ్ఞానము మనకు దూరముగా నున్నదా? లేదు. భీమ్‌గల్లుకు పొరుగుననే కమ్మర్‌పల్లిలో పసుపు పరిశోధన స్థానమున్నది. కోళికోడులోని సుగంధ ద్రవ్య పరిశోధన సంస్థ ప్రతిభ, ప్రగతి మున్నగు వంగడములను వెలువరించినది. మైసూరులోని కేంద్ర ఆహార సాంకేతిక పరిశోధన సంస్థ తాను కనుగొన్న పద్ధతులను రుసుము పుచ్చుకొని పరిశ్రమలకు అందించుచున్నది. హైదరాబాదున 2015లో వెలసిన టీ-హబ్‌లో నూతన యంత్రములను, ఉపాయములను కల్పించు యువకులున్నారు. ఉన్న లోపమెల్ల వీరికిని మన మిల్లుదారునకును నడుమ వంతెన లేకుండుటయే.

ఒక సంస్థ తనకు కావలసిన నూతన విజ్ఞానమునంతయు తన గోడలలోపలనే పుట్టింపనక్కఱ లేదు. వెలుపలినుండి తెచ్చుకొనవచ్చును, తనయొద్ద మిగిలినదానిని వెలుపలికి ఇయ్యవచ్చును. అమెరికా ఆచార్యుడు హెన్రీ చెస్‌బ్రో 2003లో ఈ మార్గమునకు ‘ఓపెన్ ఇన్నోవేషన్’ అని పేరు పెట్టెను. పేరు క్రొత్తదైనను పని మనకు క్రొత్త కాదు. పటాన్‌చెరువులోని ఇక్రిశాట్ సంస్థ 2000 సంవత్సరమున విత్తన కంపెనీలతో ఒక కూటమిని నెలకొల్పినది. జొన్న, సజ్జ పంటలలో సంకర విత్తనములకు కావలసిన మూల వంగడములను సంస్థ సృష్టించును. కంపెనీలు తలా కొంత చందా చెల్లించి, వానిని గైకొని, తమ తమ సంకరములను తయారు చేసికొనును. ఒంటరిగా పరిశోధనాలయమును పెట్టజాలని చిన్న కంపెనీలు సైతము ఇట్లు పెద్దవానితో పోటీకి నిలువగలిగినవి. విత్తనోత్పత్తికి పేరుగన్న అంకాపూరు మనకు కన్నులయెదుటనే యున్నది. వెలుపలి విద్యను చేతనందుకొన్న గ్రామము ఎట్లు వర్ధిల్లునో తెలియుటకు దూరదేశములకు పోనక్కఱ లేదు.

దీనికి మారుగా బోధనును తలచుకొందము. నిజాంసాగరపు నీటి యండతో 1937లో అచ్చట నెలకొన్న చక్కెర కర్మాగారము ఆసియాలోనే పెద్దదని పేరొందెను. చెఱకు విద్య, యంత్ర విద్య, లెక్కలు సమస్తము ఆ ప్రాకారములలోనే యుండెను. 2002లో అధిక భాగము ప్రైవేటు చేతికి పోయెను. 2015 డిసెంబరులో తలుపులు మూతపడెను. పొగగొట్టము చల్లారగా శక్కర్‌నగరుతో పాటు చెఱకు రైతును చీకటిలో పడెను. ఒక్క దూలముమీద ఇల్లు నిలిపిన ఫలమిది. పసుపు విషయమున మరల అట్టి ఒంటి దూలమును ఎత్తరాదు.

తలుపు తెరచిన దొంగయు వచ్చును గదా యని కొందఱు శంకింతురు. ఆ శంక నిరాధారము కాదు. గాయమునకు పసుపు పూయుట మన ముత్తవ్వలెఱిగిన చికిత్స. దానిపై 1995లో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రము పేటెంటు పొందెను. మన శాస్త్రీయ పారిశ్రామిక పరిశోధన మండలి ప్రాచీన గ్రంథములను, ఆధునిక వైద్యపత్రికలను సాక్ష్యముగా చూపి పోరాడగా 1997లో అది రద్దయ్యెను. నోటనున్న విద్య కాదు, వ్రాతలోనున్న విద్యయే అచ్చట గెలిచినది. కనుక తలుపు మూసికొనుట మందు కాదు; తలుపునకు గడియ యమర్చుకొనుటయే మందు.

ఈ గడియను చిన్నవాడు ఒంటరిగా అమర్చుకొనలేడు. తన యంత్రములోని క్రొత్త అమరికను పెద్ద కంపెనీ ప్రతినిధికి ముందుగా చూపి, పిమ్మట పేటెంటు కొఱకు పరుగిడినచో ప్రయోజనముండదు. దరఖాస్తునకు ముందే బహిరంగమైన కల్పనకు సామాన్యముగా పేటెంటు లభింపదు. తాత్కాలిక దరఖాస్తు దాఖలు చేసికొన్నచో పూర్తి వివరములకు పండ్రెండు నెలల గడువు దొరకునని భీమ్‌గల్లులో ఎందఱికి తెలియును? సరుకు నిచ్చిన చిన్న పరిశ్రమకు 45 దినములు మించకుండ సొమ్ము చెల్లింపవలెనని 2006 నాటి చట్టము శాసించుచున్నదని ఎందఱెఱుగుదురు?

కావున బోర్డువారికి మా సూచనలు నాలుగు. మొదటిది, మండలమండలమునకు తిరిగి మిల్లుదారుల, రైతు సంఘముల చిక్కులను వ్రాసికొని, ఆ పట్టికను పరిశోధన సంస్థల ముందును, యువ కల్పకుల ముందును ఉంచవలెను. రెండవది, స్వల్ప రుసుముతో సరుకును పరీక్షించు ఉమ్మడి ప్రయోగశాలను రైతు ఒక్క పూటలో వచ్చిపోగల తావున నెలకొల్పవలెను. మూడవది, రహస్య రక్షణ, లాభములో పాలు, పేటెంటు హక్కు స్పష్టముగా వ్రాసిన తెలుగు ఒప్పంద నమూనాలను సిద్ధపఱచి, న్యాయవాది సలహాను ఉచితముగా నొసగవలెను. నాలుగవది, క్రొత్త పద్ధతిని మొదట ప్రయత్నించువాని నష్టములో కొంత పాలు భరింపవలెను. హైదరాబాదు సంస్థానమున 1929లోనే పరిశ్రమల సహాయార్థము ఇండస్ట్రియల్ ట్రస్టు ఫండు ఏర్పడెను. నాడు సాధ్యమైనది నేడు అసాధ్యమెట్లగును?

భారమంతయు బోర్డుమీదనే మోపుట న్యాయము కాదు. పదిమంది మిల్లుదారులు కూడి ఒక ఆవిరి బాయిలరును, ఒక రసాయనజ్ఞుని పెట్టుకొనలేరా? భూస్వాములు ఒక్కొక్క యెకరమును క్రొత్త వంగడపు పరీక్షకు విడువలేరా? పొరుగువాని యంత్రమును చూచి అసూయ పడుటకు మాఱుగా పొత్తు కుదుర్చుకొన్ననాడే స్వదేశీ పరిశ్రమ బలపడును. పసుపు మన పొలములో పండుచున్నది. దాని విద్యయు, దాని విలువయు మన యూళ్లలోనే నిలుచునట్లు చూచుట మన చేతిలోని పని. వచ్చు పంట మార్కెటు యార్డు చేరులోపలనే ఈ పనికి పూనుకొందురుగాక.