గిరీశం ఖర్చు ఎవరి ఖాతాలో?

ప్రతినాయకుడు వేరు, యాంటీ హీరో వేరు అని క్లాసులో ఏటా చెబుతూ వచ్చాను. ప్రతినాయకుడు కథానాయకుడికి ఎదురు నిలిచేవాడు. యాంటీ హీరో కథకి నడిమధ్యనే ఉంటాడు. కానీ ధీరోదాత్తుడికి ఉండాల్సిన గుణాలు ఒక్కటీ ఉండవు. నోట్లో ఆదర్శం, నడకలో స్వార్థం. అయినా మనకి నచ్చేస్తాడు. ఉదాహరణ గిరీశం. క్లాసంతా నవ్వేది, నేనూ నవ్వేదాన్ని.

ఒక ఏడాది వెనక బెంచీలోంచి ఒకమ్మాయి లేచి, "మేడమ్, పూటకూళ్లమ్మ డబ్బులు ఆవిడకి తిరిగొచ్చాయా?" అని అడిగింది. నవ్వు ఆగిపోయింది. ఇన్నేళ్లుగా పాఠం చెబుతూ ఆ లెక్క నేనెప్పుడూ చూడలేదు.

సంతలో సామాను కొనిపెడతానని తీసుకున్న 20 రూపాయలు మధురవాణి కోసం ఖర్చు పెట్టేశాడు గిరీశం. పొయ్యి ముందు నిలబడి నలుగురికీ వండిపెట్టి ఆవిడ సంపాదించుకున్న డబ్బది. చీపురు పట్టుకుని ఆవిడ వెతుక్కుంటూ వస్తే మనకది హాస్య సన్నివేశం! బుచ్చమ్మని లేవదీసుకుపోవడానికి అతనికి పనికొచ్చింది కూడా సంస్కరణ గురించిన కబుర్లే.

గురజాడని నేను తప్పుపట్టడం లేదు. మనం ఈనాడు చదువుకునే 1909 నాటి కూర్పులో, బుచ్చమ్మని గిరీశానికి దక్కనివ్వకుండా పూనాలోని విడోస్ హోంకి పంపించింది ఆయనే. 1955 సినిమాలో ఎన్.టి. రామారావు వేషం కట్టాక గిరీశం మీద మోజు ఇంకా పెరిగిందంటే అదీ గురజాడ తప్పు కాదు. తప్పు మన విమర్శది. అతని మోసానికి 'సంక్లిష్టత' అని పేరు పెట్టాం. కాలం చేసిన మనిషి అని జాలిపడ్డాం.

మరి 'మైదానం' రాజేశ్వరి? ఆమెకీ లోకం మెచ్చే ఆదర్శాలు లేవు. భర్తని వదిలి అమీర్‌తో వెళ్లిపోయింది, తన కథ తనే చెప్పుకుంది. యాంటీ హీరో లక్షణాలకి ఏం తక్కువ? ఎవరి సంత డబ్బులూ ఎగ్గొట్టలేదు కూడా. అయినా ఆమెకి మిగిలింది 'లేచిపోయిన మనిషి' అన్న మాటే. లోపం మగవాడిదైతే లోతు, ఆడదానిదైతే పతనం! ఈ కొలబద్ద ఎవరు తయారుచేశారు?

గిరీశాన్ని సిలబస్ లోంచి తీసెయ్యమనడం లేదు. నవ్వడం మానమనీ అనను. లక్షణాల పట్టికలో ఇంకొకటి చేర్చమంటున్నాను: అతని లోపాల ఖరీదు చాలాసార్లు ఒక ఆడమనిషి కడుతుంది. ఆ మనిషిని మనం ఇప్పటికీ వృత్తి పేరుతోనే పిలుస్తున్నాం.