గడ్డ పోవాలి, మూత్రపిండం మిగలాలి

కడుపులో మంటగా ఉందని డాక్టరు దగ్గరకు వెళతారు. ఎందుకైనా మంచిదని ఆయన అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయిస్తారు. జీర్ణాశయం, కాలేయం అన్నీ బాగానే ఉంటాయి గాని, కుడి మూత్రపిండంలో 3 సెంటీమీటర్ల గడ్డ ఉన్నట్లు రిపోర్టు వస్తుంది. మూత్రపిండాల్లోని గడ్డలు ఈ రోజుల్లో చాలావరకు ఇలా అనుకోకుండానే బయటపడుతున్నాయి.

ఇక ఇంటిల్లిపాదికీ నిద్ర ఉండదు. "మొత్తం కిడ్నీ తీయించేయండి, పీడ వదులుతుంది. ఒక్కటున్నా చాలునట కదా!" అని చుట్టాలు తీర్పు చెప్పేస్తారు. ఈ మాటలో నిజం సగమే ఉంది. మిగతా సగం తెలుసుకోకుండా ఆపరేషన్‌కు ఒప్పుకోవడం మంచిది కాదు.

ఒక్కొక్క మూత్రపిండంలో రక్తాన్ని వడపోసే సూక్ష్మమైన భాగాలు సుమారు 10 లక్షలు ఉంటాయి. వీటినే నెఫ్రాన్లు అంటారు. ఒకసారి పోయిన నెఫ్రాన్ మళ్ళీ పుట్టదు. వయసు పైబడే కొద్దీ ఇవి వాటంతట అవే తగ్గుతూ వస్తాయి. మధుమేహం, రక్తపోటు తోడైతే మరింత త్వరగా తగ్గుతాయి.

కిడ్నీ దానం చేసినవారు హాయిగా బతకడం లేదా అని మీరు అడగవచ్చు. బతుకుతున్నారు. అయితే దాతను ఎన్నో పరీక్షలు చేసి, పూర్తి ఆరోగ్యవంతుడని తేలాకనే ఎంపిక చేస్తారు. గడ్డ వచ్చిన మనిషికి తరచు 60 ఏళ్ళు ఉంటాయి. షుగరో, బి.పి.యో ఉంటుంది. మిగిలే ఆ ఒక్క మూత్రపిండం ఎంత గట్టిదో ముందుగా చూసుకోవాలి కదా!

ఒక మూత్రపిండం తీసినా మనిషి బతకగలడని 1869లో జర్మనీలోని హైడెల్‌బర్గ్‌లో గుస్తావ్ సైమన్ అనే సర్జన్ నిరూపించాడు. అదే ఊళ్ళో 1887లో చెర్నీ అనే సర్జన్ గడ్డను మాత్రమే తీసి మిగతా మూత్రపిండాన్ని నిలబెట్టాడు. ఆ తరువాత చాలాకాలం మొత్తం తీసివేయడమే పద్ధతిగా సాగింది. ఇప్పుడు 4 సెంటీమీటర్ల లోపు గడ్డ అయితే, వీలున్నంతవరకు గడ్డ ఉన్న భాగాన్ని మాత్రమే తీయడం మేలని వైద్యుల అభిప్రాయం. చోటు అనుకూలంగా ఉంటే 7 సెంటీమీటర్ల వరకు కూడా ఇలా చేయవచ్చు. గడ్డ బాగా పెద్దదైనా, రక్తనాళంలోకి పాకినా మొత్తం తీయక తప్పదు.

ఆపరేషన్‌లో రక్తం ఎక్కువ పోకుండా మూత్రపిండానికి వెళ్ళే ధమనిని కాసేపు బిగించి ఉంచుతారు. అప్పుడు నెఫ్రాన్లకు ప్రాణవాయువు అందదు. అందుకే ఆ సమయం 25, 30 నిమిషాలు దాటకుండా సర్జన్ జాగ్రత్త పడతారు. ఎక్కువసేపు పడుతుందనుకుంటే మూత్రపిండం చుట్టూ మంచు ముక్కలు పేర్చి చల్లబరుస్తారు. దీనికంటే ముఖ్యం, మంచి కండను ఎంత మిగిల్చారన్నది. కోత రోబోతో చేశారా, కెమెరా గొట్టంతో చేశారా, కత్తితోనా అన్నది తరువాతి మాట. అనుభవం గల చెయ్యి ముఖ్యం.

ఈ పద్ధతికీ ఇబ్బందులు లేకపోలేదు. రక్తస్రావం కావచ్చు, కుట్ల నుంచి మూత్రం కారవచ్చు. పైగా మొత్తం తీయించుకున్నంత మాత్రాన ఆయుష్షు తీరినట్లు కాదు. 2011లో ప్రకటించిన ఒక ఐరోపా పరిశీలనలో 541 మందిని రెండు వర్గాలుగా చూశారు. కొంత భాగమే తీసిన వారిలో మూత్రపిండాల పనితనం మెరుగ్గా ఉంది గాని, ఆయుష్షు పెరిగినట్లు తేలలేదు. కనుక ఎవరికి ఏది తగునో మనిషిని బట్టి నిర్ణయించాలి. ఉన్నదే ఒక్క మూత్రపిండమైనా, రెండింటిలోనూ గడ్డలున్నా, పనితనం అప్పటికే తగ్గినా, సాధ్యమైనంత మిగల్చడానికే ప్రయత్నించాలి. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వంటి ప్రాంతాల వారు ఈ మాట మరీ గుర్తుంచుకోవాలి.

"క్రియాటినిన్ 1.2 వచ్చింది, ఫరవాలేదు" అని సంబరపడకండి. అదే 1.2 పాతికేళ్ళ కుర్రవాడిలో సుమారు 85 వడపోత శక్తిని సూచిస్తే, 65 ఏళ్ళ స్త్రీలో సుమారు 50నే సూచిస్తుంది. అందువల్ల మీ డాక్టరుగారిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి: నా వడపోత శక్తి ఎంత? రెండో మూత్రపిండం ఎలా ఉంది? గడ్డ వరకే తీయడం కుదురుతుందా? కుదరకపోతే కారణం ఏమిటి? ఇలా అడిగితే ఏ మంచి డాక్టరూ కోపగించుకోడు.

4 సెంటీమీటర్ల లోపు గడ్డల్లో సుమారు ఐదింట ఒకటి కాన్సర్ కాదు. కనుక బాగా వృద్ధులైన వారిలో చిన్న గడ్డను ఆరేసి నెలలకు ఒకసారి స్కాన్ చేస్తూ కనిపెట్టి ఉండటం కూడా ఒక వైద్యమే.

ఆపరేషన్ అయ్యాక బాధ్యత మీది. కీళ్ళనొప్పులకు డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్ వంటి మాత్రలు సొంతంగా మింగవద్దు. ఏమున్నదో తెలియని భస్మాల జోలికి పోవద్దు. పొగ మానండి. బి.పి., షుగరు అదుపులో ఉంచుకోండి. డాక్టరు చెప్పిన గడువుకు రక్తం, మూత్రం, స్కాన్ పరీక్షలు తప్పక చేయించుకోండి.

చివరగా ఒక్క మాట. నొప్పి లేకుండా మూత్రంలో రక్తం పడితే, వేడి చేసిందని మజ్జిగ తాగి ఊరుకోకండి. మరునాడు ఆగిపోయినా సరే, వెళ్ళి చూపించుకోండి. గడ్డ చిన్నదిగా ఉన్నప్పుడే మూత్రపిండాన్ని మిగుల్చుకునే వీలు ఎక్కువ.