పురుగు మందు పంపుకే పురుగు

చేనులో పురుగును చంపే పంపును ఇంట్లో పురుగు కొరుకుతోంది. వినడానికి నవ్వులాటగా ఉన్నా దీని ఫలితం పడేది రైతు వీపు మీదే. పత్తికి మందు కొట్టుడు అయిపోగానే పంపును పశువుల కొట్టంలో ఓ మూలకు పడేస్తాం. మళ్లీ వానలు పడ్డాక దుమ్ము దులిపి వీపుకు తగిలించుకుంటాం. మధ్యలో ఆ పంపుకు ఏమైందో చూసేవారు తక్కువ.

సాధారణంగా వాడే పంపు డబ్బా 16 లీటర్లు. అందులోని మందునీళ్లు బయటికి రాకుండా ఆపేవి మూడే మూడు. మూత కింది రబ్బరు రింగు, పిస్టన్ వాషర్, గొట్టం జాయింట్ల దగ్గరి చిన్న వాషర్లు. కొన్ని పాత పంపుల్లో పిస్టన్‌కు తోలు వాషర్ ఉంటుంది. దాన్ని తోలు తినే పురుగులు, బొద్దింకలు కొరుకుతాయి. మట్టి నేల మీద పెడితే చెదలు ఎక్కుతాయి. చెదలకు రబ్బరు తిండి కాదు, అయినా దారికి అడ్డమొస్తే కొరికేస్తాయి. విప్పి పెట్టిన గొట్టంలో చీమలు చేరతాయి, కందిరీగలు మట్టిగూడు కడతాయి. ముందు దారి మూసుకుపోతే లోపల ఒత్తిడి పెరిగి, బలహీనపడిన వాషర్ దగ్గర మందు చిమ్ముతుంది.

పెన్‌గంగ అవతల, మన ఆదిలాబాద్‌కు ఆనుకునే ఉన్న యవత్మాల్ జిల్లాలో 2017లో పత్తికి మందు కొడుతూ 20 మందికి పైగా చనిపోయారు. వందల మంది ఆస్పత్రి పాలయ్యారు. ఆ చావులన్నీ వాషర్ల వల్లేనని అనను. మందులు కలిపి కొట్టడం, ఏపుగా పెరిగిన చేను, ఒంటికి రక్షణ లేకపోవడం లాంటివి ఎన్నో ఉన్నాయి. కాని ప్రొఫెనోఫాస్ వంటి మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి పోతుంది. కారే పంపు మోసేవాడు ఆ మందులో నానుతున్నట్టే.

దీన్ని రైతు అజాగ్రత్త కింద కొట్టేస్తే సరిపోదు. హైదరాబాద్‌లో అఫ్జల్‌గంజ్, బేగంబజార్ పక్కనున్న ఉస్మాన్‌గంజ్ పాత హోల్‌సేల్ బజారు. ఊళ్ల నుంచి సరుకు పనిమీద అక్కడికి వచ్చేవాళ్లకు ఏ సామాను ఎంతో బేరమాడటం తెలుసు. పంపు దగ్గరికొస్తే మాత్రం ధర, బ్యాటరీ అడుగుతాం గాని, వాషర్ దేనితో చేసింది, పోతే ఎక్కడ దొరుకుతుంది అని అడగం. అమ్మేవారూ చెప్పరు. పంపుతోపాటే ఒక జత వాషర్లు, రింగులు చిన్న డబ్బాలో పెట్టి ఇవ్వాలి. సబ్సిడీ పంపులకూ ఇదే నియమం ఉండాలి. మృగశిర కార్తెకు ముందే రైతు వేదికల్లో పంపుల తనిఖీ పెట్టాలి. మందుల గురించి ఎన్నో సభలు పెట్టే వ్యవసాయ శాఖకు ఇదేమంత భారం కాదు.

ఇక మన చేతిలో ఉన్నది చేసుకుందాం. పని అయిపోయాక పంపును మంచినీళ్లతో మూడుసార్లు కడగాలి. ఆ నీళ్లు చెరువులో, కాలువలో పోయరాదు. బోర్లించి నీడలో బాగా ఆరనివ్వాలి. తోలు వాషర్ విప్పి, ఆముదం పట్టించి, తుడిచి, బిగుతు మూత ఉన్న డబ్బాలో దాచాలి. రబ్బరుకు కిరోసిన్, డీజిల్, గ్రీజు తగలనివ్వరాదు, ఉబ్బి పాడవుతుంది. గొట్టం మూతికి, డబ్బా మూతికి గుడ్డ కట్టి, పిల్లలకు అందనంత ఎత్తులో, గోడకు ఆనకుండా కొక్కేనికి వేలాడదీయాలి.

వాడే ముందు ఉత్త నీళ్లు నింపి, నేల మీదే పెట్టి, పీడనం ఎక్కించి కాసేపు చూడాలి. చుక్క కారినా వీపుకెత్తుకోవద్దు. బ్యాటరీ పంపుకూ ఇదే పరీక్ష. ఒకవేళ మందు ఒంటి మీద పడితే చొక్కా వెంటనే తీసేసి సబ్బుతో కడుక్కోవాలి. తల తిరిగినా, వాంతి వచ్చినా మందు సీసా లేబుల్ పట్టుకుని ఆస్పత్రికి పోవాలి.

వాషర్ ఖరీదు చూసి ఈ ఏడాదికి నడుస్తుందిలే అనుకునేవాళ్లు, మందు సీసా మీది ఎర్ర త్రికోణాన్ని ఒక్కసారి చూడాలి. ఆ రంగు మందుకూ మన వీపుకూ మధ్య ఉన్నది ఆ వాషరే.